అరవైమందికి ఒక్క బిళ్ళ

చొక్కా కాలరును మిషన్‌లో పెట్టి ఆడిట్‌కి వచ్చిన డాక్టర్ హైమవతి మూత వేసింది. లోపల నీలం వెలుతురు అటూ ఇటూ తిరిగింది. మూడో లైన్లో కాలర్లు కుట్టే నూకరత్నం చేతిపని ఆపకుండా ఓరకంట అటే చూస్తోంది. ఎర్ర లైటు వెలిగితే ఆమె కిడ్నీలు దక్కుతాయి. పచ్చ లైటు వెలిగితే ఇక దేవుడే దిక్కు.

పచ్చ లైటే వెలిగింది.

మేనేజర్ దివాకర్ ముఖం చేటంత అయింది. "మా ఫ్యాక్టరీ సంగతి ముందే చెప్పాను కదా మేడమ్!" అన్నాడు.

2041 నాటికి పనివాళ్ల బాగోగుల ఆడిట్ అంటే కాగితాలు తిరగేయడం పోయింది. కాగితాలు ఎవరు ఏం రాస్తే అదే చెబుతాయి మరి. హైమవతి కనిపెట్టిన 'స్వేదలేఖ' మిషన్ కాగితాన్ని అడగదు, నూలును అడుగుతుంది. కుట్టేటప్పుడు చేతుల చెమట దారంలోకి ఇంకుతుంది. అందులో ఉప్పు ఎంత, భయపడితే ఒంట్లో పెరిగే కార్టిసాల్ ఎంత అన్నది లేజర్ చదివేస్తుంది. కుట్టిన మనిషి నీళ్లు తాగిందో లేదో, హడలిపోతూ కుట్టిందో లేదో తేలిపోతుంది. నేర్పితే మనుషులు అబద్ధం ఆడతారు. చెమటకు ఆ విద్య ఎవరు నేర్పుతారు?

దివాకర్ కూడా తక్కువ తినలేదు. మూడో లైను ఆడవాళ్లకు మూడు రోజులు జీతంతో సెలవిచ్చాడు. కొబ్బరినీళ్లు తాగించి, ఫ్యాన్ల కింద కూర్చోబెట్టి ఒక్క లాటు చొక్కాలు కుట్టించాడు. అడిగిన వాటికి ఏం చెప్పాలో బట్టీ పట్టించాడు. ఆ లాటులోని కాలరే ఇప్పుడు మిషన్‌లోకి వెళ్లింది.

మామూలు రోజుల్లో అక్కడి సంగతి వేరు. లైన్లో అరవైమందికి ఒక్క చెక్కబిళ్ళ ఉంటుంది. బాత్రూంకి వెళ్లాలంటే మేకుకున్న ఆ బిళ్ళ మెడలో వేసుకోవాలి. అది తిరిగొచ్చేదాకా మిగతావాళ్లు బిగబట్టుకోవాల్సిందే. అందుకే పొద్దుటి నుంచీ ఎవరూ గుక్కెడు నీళ్లు ముట్టరు. నూకరత్నానికి రెండుసార్లు ఇన్ఫెక్షన్ వచ్చింది. మూడోసారి వస్తే కిడ్నీ పోతుందని ఆసుపత్రిలో గట్టిగానే చెప్పారు. ఈ ఆడిట్ పాసైపోతే మళ్లీ మూడేళ్లదాకా అడిగే నాథుడు లేడు.

ఏడుపు ఆగక ఆమె ముఖం కడుక్కోవడానికి లేచింది. ఇవాళ ఎవరి అనుమతీ అక్కర్లేదని దివాకరే మైకులో చెప్పాడు. అయినా ఆరేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చెయ్యి దానంతటదే మేకు మీదికి వెళ్లింది. తిరిగొస్తుంటే హైమవతి పిలిచింది.

"బాత్రూంకి వెళ్లాలంటే ఎవరినైనా అడగాలామ్మా?"

"ఎవుర్నీ అడగక్కర్లేదు మేడమ్. ఎన్నిసార్లయినా ఎల్లొచ్చు," నూకరత్నం పాఠం ఒప్పజెప్పింది.

"మరి మెడలో అదేమిటి?"

నూకరత్నం కిందికి చూసుకుంది. మెడలో చెక్కబిళ్ళ వేలాడుతోంది.

"తాయెత్తు మేడమ్!" దివాకర్ అడ్డొచ్చాడు. "మా వాళ్లకు భక్తి ఎక్కువ."

"తాయెత్తు మీద 'టాయిలెట్, లైన్ 3' అని రాస్తారా?"

 ఆ బిళ్ళ దివాకర్ కళ్లకు ఎంత అలవాటైపోయిందంటే, అన్నీ దాచేసిన మనిషి దాన్ని మాత్రం దాచలేదు. నూకరత్నానికి ఎక్కడలేని ధైర్యం వచ్చింది. బిళ్ళ తీసి బల్ల మీద పెట్టింది.

"ఈ తాడు అరవైమంది మెడల్లో ఆరేళ్లు తిరిగిందమ్మా. మీ మిసన్ని దీన్ని సదవమనండి."

నూలుతాడు లోపలికి వెళ్లింది. ఎర్ర లైటు వెలగడమే కాదు, మిషన్ ఆగకుండా మోగింది. అరవై కుట్టుమిషన్లూ ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, ఇక అవి ఆగలేదు.

నెల తిరక్కుండా బిళ్ళలు పొయ్యిలోకి వెళ్లాయి. లైనుకో మంచినీళ్ల క్యాన్ వచ్చింది. మొదటిరోజు నూకరత్నం దివాకర్ ఎదురుగానే నిలబడి చెంబెడు నీళ్లు గటగటా తాగింది. అంత రుచైన నీళ్లు ఆమె జన్మలో తాగలేదు. వర్కర్ల ఆడిట్ కమిటీకి ఆమెనే ఎన్నుకున్నారు. ఇప్పుడు ఆమె సంతకం లేనిదే ఒక్క చొక్కా గేటు దాటదు.

ఆ తాడు కథ ప్రపంచమంతా పాకింది. స్వేదలేఖలు అయిదు వందలు కావాలని ఆర్డర్లు వచ్చాయి. కొత్తవాటిలో మొదటిది నూకరత్నానికే పంపింది హైమవతి. పెట్టె విప్పాక దేన్ని పరీక్షించాలో తోచక, ల్యాబ్‌లో పెట్టెకు బిగించి కట్టిన నూలు పట్టీనే లోపల పెట్టిందామె.

ఎర్ర లైటు వెలిగింది.

రెండోసారీ అదే. నూకరత్నం ఫోన్ తీసింది.

"డాక్టరమ్మా, ఓ మాట. మీ ల్యాబ్‌లో మిసన్లు కట్టే పిల్లలు బాత్రూంకి ఎల్లాలంటే ఎవుర్ని అడగాల?"

హైమవతి మాట దాటవేసింది.

"ఆర్డర్లు తొందరమ్మా... నలభై రోజుల్లో అయిదు వందలు..."

దివాకర్ కూడా అచ్చం ఇలాగే చెప్పేవాడు.

"ఎవుర్నమ్మా?"

"నన్నే," అంది హైమవతి సన్నగా.

నూకరత్నం చెంబెడు నీళ్లు తాగి, ఆడిట్ ఫారం ముందుకు లాక్కుంది. 'తిప్పి పంపడమైనది' అని రాసి పెద్ద అక్షరాలతో సంతకం పెట్టింది. కారణం అన్నచోట కాసేపు ఆలోచించి రాసింది: 'మిషన్ సరిగ్గానే పనిచేస్తోంది.'