చదవకుండా కొట్టిన ఎంటర్

పిచ్చేశ్వరరావును చంపినవాళ్లు ఆయన మెళ్లో గొలుసు ముట్టుకోలేదు. ఆఫీసు ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకుపోయారు. మచిలీపట్నంలో తుఫాను హెచ్చరికల కంట్రోల్ రూముకి ఆయనే సిస్టమ్ అడ్మిన్. దివిసీమ తీరంలో సైరన్లన్నీ అక్కడి సర్వర్ చెప్తేనే మోగుతాయి.

"ఇది 'కోరల్' పని. విదేశీ ముఠా," ఫోన్లో చెప్పాడు ఇంటెలిజెన్స్ చీఫ్ మాణిక్యం. "సర్వర్లోకి దూరారు గానీ రూట్ అధికారం చిక్కలేదు. రూట్ అంటే ఆ మెషీన్‌కి దేవుడు. ఆయన పాస్‌వర్డ్ చెప్పకుండానే పోయాడు."

"ఏం కావాలట వాళ్లకి?"

"సైరన్ల నోరు మూయించే ప్రోగ్రాం అమ్ముకుంటున్నారు. ఇవాళ తుఫాను తీరం దాటేటప్పుడు కొనేవాళ్లకి శాంపుల్ చూపిస్తారు."

"శాంపుల్ అంటే?"

"దివిసీమ."

ఫోన్లో వింటున్న ఏజెంట్ షోయబ్ కుర్చీలోంచి లేచాడు. వాళ్లక్క ఆయేషా కాపురం అక్కడే, సముద్రపు కాలవ పక్కన రొయ్యల చెరువుల మీద. వెంటనే ఆమెకి ఫోన్ చేశాడు.

"పిల్లల్ని తీసుకుని షెల్టర్‌కి వెళ్లిపోండక్కా."

"చెరువులొదిలేసి ఎక్కడికి రా? ఏటా ఇదే గోల. సైరన్ మోగితే అప్పుడు చూద్దాంలే."

అంతలో టవర్ పోయింది. మళ్లీ లైను దొరకలేదు.

చీఫ్ ఇచ్చిన, రూట్ అధికారమున్న ఎమర్జెన్సీ లాగిన్ జేబులో పెట్టుకుని, ఏసీ మెకానిక్ వేషంలో మధ్యాహ్నానికి కంట్రోల్ రూములో దిగాడు. సిబ్బందిని బయటికి పంపేసి ఒక్క మనిషే కూర్చుని ఉంది. పెడన కలంకారీ పట్టుచీర, అంత ముసురులోనూ నల్ల కళ్లద్దాలు. రిజ్వానా. కోరల్ జీతం తింటూ మనకి కబుర్లు మోసే మనిషని చీఫ్ నమ్మకం.

"బందరు లడ్డు దొరుకుతుందా అండీ?" కోడ్ వర్డ్ వదిలాడు.

"నెయ్యి తక్కువైందండీ." ఆమె లిప్‌స్టిక్ మూత తీసింది. లోపల పెన్ డ్రైవ్. "వాళ్ల ప్రోగ్రాంని చంపే స్క్రిప్టు. తొందరగా కానివ్వండి షోయబ్ గారూ."

స్క్రీన్ మీద బొమ్మలూ బటన్లూ లేవు, నల్లటి టెర్మినల్ ఒక్కటే. షోయబ్ 'పీఎస్' కొట్టి నడుస్తున్న ప్రోగ్రాంలు చూశాడు. సర్వర్‌కి ఊపిరాడనివ్వని కోరల్ ప్రోగ్రాం దొరికింది. 'కిల్' కొట్టాడు. చచ్చింది. మళ్లీ పుట్టింది. ఎన్నిసార్లు చంపినా పుడుతూనే ఉంది. ఓపిక నశించి, లాగిన్ వాడి, 'సుడో' తగిలించి ఆమె స్క్రిప్టు నడిపాడు. సుడో అంటే రూట్ చేత చేయించడం. చదవకుండా దేనికీ అది తగిలించకూడదని ట్రైనింగ్‌లో మొట్టమొదట చెప్తారు.

తెర మీద లైన్లు పరిగెత్తాయి. సైరన్ ఫైళ్లు పోయాయి. బ్యాకప్ పోయింది.

"పిచ్చేశ్వరరావు గారు చచ్చినా కొట్టలేదండీ. మీరు అడగ్గానే కొట్టేశారు," నవ్వింది రిజ్వానా. చేతిలో చిన్న పిస్టల్. వెనక్కి నడుచుకుంటూ బయటికెళ్లింది. బయట గొళ్లెం పడింది.

షోయబ్‌కి ఏడుపొచ్చింది. ఎంటర్ కొట్టింది తనే. అక్క అక్కడ సైరన్ కోసం చెవులొగ్గి కూర్చుని ఉంటుంది. అది ఇక మోగదు.

'ఎల్‌ఎస్' కొట్టి ఏం మిగిలిందో చూశాడు. ఒక్కటే ప్రోగ్రాం: ఫీడర్ కట్. గాలి ముదిరితే తీగలు తెగి జనం మీద పడకుండా తీరం వైపు కరెంటు ఆపేది. పనికిమాలిందని రిజ్వానా దాన్ని వదిలేసింది. పాపం, ఆమెకి రొయ్యల సంగతి తెలీదు.

మబ్బు పట్టిన రోజున చెరువుల్లో నీళ్లు చిలికి గాలి కలిపే ఏరియేటర్లు పగలంతా తిరుగుతాయి. కరెంటు పోతే నీళ్లలో గాలి అందక రొయ్యలు చచ్చి తేలతాయి. అందుకని ఇంటింటా బ్యాటరీ అలారం ఉంటుంది. అది కూసిందంటే పెళ్లి పీటల మీదున్నవాడు కూడా చెరువు గట్టు మీది జనరేటర్ దగ్గరికి పరిగెత్తుతాడు. గట్టెక్కితే సముద్రం కనిపిస్తుంది. కనిపించాక కాళ్లకి బుద్ధి చెప్తారో, జనరేటర్ పట్టుకుని మునుగుతారో ఎవరు చూడొచ్చారు?

ఈసారి ప్రోగ్రాంని మొదటి లైను నుంచి చివరిదాకా చదివాడు. తెర మీద సముద్రపు నీటిమట్టం అంకె ఎర్రబడుతూండగా ఎంటర్ కొట్టాడు. ఆ పైన ఏం జరిగిందో తెలుసుకునే దారి లేక నేల మీద కూలబడ్డాడు.

మర్నాడు చీఫ్ వచ్చి గొళ్లెం తీశాడు. శాంపుల్ చూడ్డానికొచ్చినవాళ్లు కొనకుండా లేచిపోయారట. రిజ్వానా కూడా దేశం దాటేసింది. టవర్ లేవగానే ఫోన్ మోగింది.

"అందరం షెల్టర్లో ఉన్నాం రా," అంది ఆయేషా. "అలారం కూసిందని గట్టెక్కితే ఎదురుగా కొండంత నీళ్లు! పిల్లల్నెత్తుకుని ఊరంతా ఒకటే పరుగు. ఇల్లు పోయింది, చెరువులు పోయాయి."

"ప్రాణాలు మిగిలాయి కదక్కా."

"మిగిలాయిలే. రేపో మాపో అమ్మే, పట్టుబడికొచ్చిన రొయ్యలు రా! సరిగ్గా ఆ టైముకే కరెంటు తీసిన దరిద్రుడెవడో కనుక్కో. దొరికితే తోలు వలుస్తాను."

"వెతుకుతున్నామక్కా," అన్నాడు ఏజెంట్ షోయబ్.