కడిగితే లేచే కణాలు

"కణాలున్న ఫ్లాస్క్ ఒక్కటే. మూడింటికి చేతులు మారుతుంది. నకిలీది పెట్టి అసలుది పట్రా. కుదరకపోతే నాశనం చెయ్యి," అన్నాడు చీఫ్.

"అది మా అక్కది సార్," అన్నాడు ఏజెంట్ తొమ్మిది.

"తెలుసు. చూడగానే గుర్తుపట్టేది నువ్వొక్కడివే."

బ్రీఫింగ్ అంతే. మిగతాది ఏజెంట్‌కి కంఠతా వచ్చు. షుగర్ ఉన్నవాళ్లు రోజూ మింగే మెట్‌ఫార్మిన్ మాత్ర పెద్దవాళ్ల ఒంట్లోని మూలకణాలను ఏం చేస్తుందన్నది అక్క పదకొండేళ్ల పరిశోధన. కండరాల్లో ఆ కణాలు ఊరికే పడుకుని ఉంటాయి. దెబ్బ తగిలితే లేచి, రెండుగా నాలుగుగా చీలి, కండను అతుకుతాయి. అక్క ఫ్లాస్క్‌లో మాత్రం మందు ఉన్నంతకాలం ఎంత లేపినా లేవలేదు. మందు కడిగేస్తే మూడో రోజుకి రెట్టింపు జోరుతో లేచాయి.

ఆ కణాలు బావవి. కండలు కరిగిపోయే జబ్బుతో ఆయన పోయి రెండేళ్లయింది. ఫ్రీజర్లో దాచినవన్నీ, ఫ్లాస్క్‌ని ఎత్తుకెళ్లిన రోజునే రింగ్ అనే పరాయి దేశపు ముఠా తగలబెట్టింది. బావలో ఇంకా బతికున్నది ఆ ఒక్క ఫ్లాస్క్. దాన్ని తెచ్చిపెట్టమని అక్క నోరు తెరిచి అడగలేదు, తమ్ముడి కాలర్ సరిచేసి పంపింది. అడిగి ఉంటేనే నయమనిపించింది అతనికి.

రింగ్ ఆశ వేరు. గాయపడ్డ మూడో రోజే మళ్లీ తుపాకి పట్టే కిరాయి సైన్యం కావాలి వాళ్లకి.

రింగ్ మకాం పెట్టిన, మూతపడ్డ క్లినిక్ మూడో అంతస్తుకి ఏజెంట్ మైక్రోస్కోప్ మెకానిక్ వేషంలో చేరాడు. తలుపు దగ్గర ముత్యం నిలబడి ఉంది. అక్క అసిస్టెంట్ ఆమె, రింగ్‌లో మన గూఢచారి. నవ్విందంటే ఎదుటివాడు సొంత పేరు మర్చిపోవాల్సిందే.

"లెన్స్ మీద దుమ్మా?" అంది.

"దుమ్ము కాదు, గీత."

కోడ్ కుదిరింది. అదే నవ్వుతో అతని టూల్ బ్యాగ్ లాక్కుని, కింద కారులో ఉన్న బాస్‌కి చూపించడానికి మెట్లు దిగింది. బ్యాగ్ దొంగ అరలో, బ్యాటరీ హీటర్ మీద నకిలీ ఫ్లాస్క్ ఉంది. ఏజెంట్‌కి తెలిసిపోయింది. ముత్యం అటువైపు మనిషి. బండారం బయటపడటానికి ఐదు నిమిషాలు చాలు. చేతిలో మిగిలింది స్క్రూడ్రైవర్.

లోపల రింగ్ డాక్టర్ మసకబారిన మైక్రోస్కోప్‌ని తిట్టుకుంటున్నాడు. ఏజెంట్ ఫోకస్ సరిచేశాడు. డాక్టర్ కన్ను పెట్టి చూసి మొహం చిట్లించాడు. ఫ్లాస్క్ మీద తేదీ చూసుకున్నాడు. నాలుగో రోజు, ఒక్క కణమూ చీలలేదు. నాలుగు రోజులైనా పెరగని ఫ్లాస్క్‌ని పారబోయడం ల్యాబ్‌లో పెరిగిన వాళ్ల చేతి అలవాటు. అతని చెయ్యి బ్లీచ్ బకెట్ వైపు వెళ్లి ఆగింది. ఎందుకు పెరగలేదని, మూల నిలబడ్డ కాపలావాణ్ణి అడిగాడు.

ఏజెంట్‌కి అప్పుడర్థమైంది. తన విలువ తగ్గకుండా, మందు కడిగేయాలన్న రహస్యం ముత్యం వీళ్లకి చెప్పలేదు. అక్కడే పప్పులో కాలేసింది.

కడగండి అన్న ఒక్క మాటతో బావ బతుకుతాడు, వాళ్ల చేతిలో. అతను ఆ మాట మింగేశాడు.

"ఇరవయ్యేళ్లుగా ల్యాబుల్లో ఇవే చూస్తున్నానండి," అన్నాడు మెల్లగా. "పోయాయి."

డాక్టర్ మూత తీసి వంచాడు. గులాబీ రంగు ద్రవం బ్లీచ్‌లో పడి తెల్లబోయింది. సరిగ్గా అప్పుడే ముత్యం రొప్పుతూ తలుపు తోసుకొచ్చింది.

"పారబొయ్యకండి. అవి నిద్రపోతున్నాయి."

డాక్టర్ బకెట్‌లోకి చూశాడు. ఆమె వెనకే, కింద కాపు కాసి బాస్‌ని పట్టుకున్న చీఫ్ మనుషులు తుపాకులతో మెట్లెక్కి వచ్చారు.

సాయంత్రం ఏజెంట్ అక్కకి ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆమె ల్యాబ్‌లో, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్ ఖాళీగానే ఇంకా నడుస్తోంది.

"పోయాయని నువ్వే చెప్పావా?" అంది.

"నేనే అక్కా."

ఆమె ఇంక్యుబేటర్ స్విచ్ కట్టేసింది. అతను కళ్లు తుడుచుకున్నాడు, ఆమె తుడుచుకోలేదు.

మర్నాడు రిపోర్ట్ వచ్చింది. మిషన్ విజయవంతం. నష్టం అన్న గడిలో చీఫ్ స్వయంగా రాశాడు: ఒక ప్లాస్టిక్ ఫ్లాస్క్, వాడి పారేసే రకం.