లీకు లేని బ్యాండు

తిరిగే బల్ల మీద చేతికి కట్టుకునే బ్యాండు ఒక చుట్టు పూర్తి చేసింది. గోడల నిండా ఉన్న నల్లటి ఫోమ్ కోనులు గదిలోని రేడియో తరంగాలన్నిటినీ మింగేస్తున్నాయి. ఎదురుగా యాంటెన్నా చెవులు రిక్కించుకుని నిలబడింది. పక్క గదిలో స్క్రీన్ మీద గీత మాత్రం చదునుగా, కదలకుండా పడుకుని ఉంది.

"ఏమీ రావడం లేదు మేడమ్. అసలు బ్యాండు ఆన్‌లో ఉందా?" అని అడిగాడు టెక్నీషియన్ సన్యాసిరావు.

"ఉంది. అదేనయ్యా గొప్ప!" అని నవ్వింది డాక్టర్ హైమవతి.

ఆ గొప్పేమిటో చెప్పుకోవాలి. ఏ ఎలక్ట్రానిక్ వస్తువైనా తాను పంపాలనుకున్న సిగ్నల్‌తో పాటు పంపకూడని తరంగాలనూ కాస్త కారుస్తుంది, అడుగున కన్నం పడిన బిందెలాగా. లోపలి గడియారం సర్క్యూట్ కొట్టుకున్నప్పుడల్లా కొంత బయటపడుతుంది. ఆ లీకు మితిమీరితే పక్కింటి రేడియో గరగరమంటుంది, ఆసుపత్రిలో మానిటర్ తప్పు చూపిస్తుంది. అందుకే ప్రతి వైర్‌లెస్ వస్తువుకూ ఒక లిమిట్ ఉంటుంది, అది దాటితే అమ్మడానికి వీల్లేదు. విశాఖపట్నంలో ఫోన్లు పోయి అందరి చేతులకూ బ్యాండ్లు వచ్చాక ఆ లిమిట్ ఇంకా బిగిసింది. హైమవతి కనిపెట్టిన పొరను చిప్పు చుట్టూ తొడిగితే చాలు, లీకు ఆనవాలు కూడా ఉండదు.

ఆ పొర తొడిగిన మొదటి బ్యాండును ఆమె స్వయంగా సన్యాసిరావు చేతికి కట్టింది. అతను పెళ్లికొడుకులా సిగ్గుపడ్డాడు.

ఆ పొరను తప్పనిసరి చేస్తూ రూల్ రాబోతోందని విని, రెస్క్యూ దళం నాయకుడు అప్పలస్వామి ల్యాబ్‌కు వచ్చాడు.

"కొండ జారితే టవర్లు కూడా పోతాయండి. టవర్ అందకపోతే బ్యాటరీ మిగుల్చుకోడానికి బ్యాండు తన రేడియో ఆపేసుకుంటాది. గడియారం మాత్రం కొట్టుకుంటానే ఉంటాది. ఆ లీకు పట్టుకునే మేం మట్టి కింద మనుషుల్ని తీస్తన్నాం."

"వస్తువులో లోపం మీద ఆధారపడితే ఎలాగండీ? ప్రమాదంలో కూతపెట్టే బీకన్ వచ్చే మోడల్లో పెడతారు."

"అయితే అది వచ్చేదాకా ఆగండమ్మా. ఈ ఒక్క వానాకాలం."

ఆగడానికి ఆమెకు మనసొప్పలేదు. దాచడమెందుకు, ఆ పొరకు ఆమె ఆశపడుతున్న అవార్డు ప్రకటన దగ్గర్లో ఉంది. లిమిట్ అంటే లిమిటేనని చెప్పి, టీ ఇచ్చి పంపించేసింది. రూల్ వచ్చింది.

ఆ వానాకాలమే సన్యాసిరావు ఉండే కొండవాలు జారి, ఇళ్ల వరుసను మట్టి కప్పేసింది. హైమవతి పరుగున వెళ్లేసరికి అప్పలస్వామి రిసీవర్ పట్టుకుని బురదలో మోకాళ్ల మీద పాకుతున్నాడు. ఒకచోట రిసీవర్ కీచుమంది. తవ్వితే సన్యాసిరావు పక్కింటి ముసలాయన ప్రాణాలతో బయటికొచ్చాడు. ఆయన చేతికి ఉన్నది రోడ్డు పక్క బండి మీద కొన్న పాత రకం బ్యాండు. ఆ రకాన్ని పరీక్షించి, లీకు ఎక్కువని ఫెయిల్ చేసింది హైమవతే.

సన్యాసిరావు ఆయనకు గోడ అవతలే ఉన్నాడు. రిసీవర్ అతని మీదుగా రెండుసార్లు వెళ్లినా కీచుమనలేదు. అక్కడెవరూ లేరనుకుని దళంవాళ్లు పైవైపు తవ్వుకుంటూ పోయారు. అతను దొరికేసరికి ఒళ్లింకా వెచ్చగానే ఉంది. బ్యాండు చక్కగా పనిచేస్తోంది.

అప్పలస్వామి రిసీవర్ పట్టుకుని తర్వాతి ఇంటివైపు వెళ్లిపోయాడు. ఆమెను నాలుగు తిట్టి ఉంటే బాగుండేది. హైమవతికి టెస్ట్ గదిలో అడుగుపెడితే సన్యాసిరావును తన చేతులతోనే పూడ్చిపెట్టినట్టు అనిపించేది. రూల్ వెనక్కి తీసుకోమని ఆఫీసుల చుట్టూ తిరిగింది. చివరికి కమిటీ వేశారు.

జనం కమిటీ కోసం ఆగలేదు. ఊరంతా పాసైన బ్యాండ్లు విప్పేసి, ఫెయిలైనవాటి కోసం ఎగబడింది. నిన్నటిదాకా దొంగ పాస్ ముద్రలు కొట్టినవాళ్లే ఇప్పుడు దొంగ ఫెయిల్ ముద్రలు కొట్టడం మొదలుపెట్టారు.

ఒక మధ్యాహ్నం సన్యాసిరావు భార్య పైడితల్లి ల్యాబ్‌కు వచ్చింది. ఆమెను చూడగానే హైమవతి కుర్చీలోంచి లేచిపోయింది.

"క్షమించమని అడగడానికి కూడా నాకు మొహం లేదమ్మా," అంది.

పైడితల్లి సంచిలోంచి చిన్న సైజు బ్యాండు తీసి బల్ల మీద పెట్టింది.

"మా పాపకి కొన్నానమ్మా. కొట్టోడు ఫెయిలే అన్నాడు గానీ ఆళ్ల మాట నమ్మలేం. మా ఆయన మీకాడే పనిసేసినాడు కదా అని వచ్చినాను. ఇది నిజంగా ఫెయిలయిందో నేదో మీరే సూసి సెప్పండి."