పక్కింటి తాతగారి పేరు

ఆదివారం పదకొండున్నర అయింది. కుసుమ గుమ్మం మెట్టు మీద కూర్చుని, నోటుబుక్కులో నిలువుగా ఒక గీత గీసింది. గీతకి ఎడమ పక్క 'లాభాలు' అని, కుడి పక్క 'నష్టాలు' అని రాసింది.

సోషల్ చెప్పే భారతి టీచరు ఇచ్చిన హోంవర్కు అది. చిన్న ఊళ్లో ఉంటే లాభాలేమిటి, నష్టాలేమిటి, ఎవరికి తోచింది వాళ్లు రాసుకురావాలి.

నష్టాల వైపు అప్పుడే సగం పేజీ నిండిపోయింది. పెద్ద మాల్ లేదు. లిఫ్ట్ లేదు. ఆకలేస్తే పిజ్జా ఇంటికి తెచ్చివ్వరు. కరెంటు పోతే జనరేటరు లేదు. అన్నిటికంటే కింద, పెన్ను గట్టిగా నొక్కి ఇంకోటి రాసింది. 'అందరూ అన్నీ అడుగుతారు.'

అది మాత్రం నిజం. బిస్కెట్ ప్యాకెట్ కోసం కొట్టుకెళ్తే చాలు. ఎవరమ్మాయివి, ఎక్కడి నుంచి వచ్చారు, మీ నాన్నేటి చేస్తాడు, ఈవేళ ఏటి కూర అని అడుగుతారు. కూర సంగతి వాళ్లకెందుకో కుసుమకి అర్థం కాదు.

హైదరాబాదులో ఈ గొడవే లేదు. అక్కడ వాళ్ల అపార్ట్‌మెంటులో ఐదంతస్తులు, ఇరవై ఫ్లాట్లు. మూడొందల రెండు ఆంటీ, నూట నాలుగు అంకుల్, అంతే. నాలుగేళ్లున్నా ఎవరి పేరుతోనూ పని పడలేదు. నాన్నకి ఎచ్చెర్ల యూనివర్సిటీ ఆఫీసులో ఉద్యోగం రావడంతో జూన్‌లో శ్రీకాకుళం వచ్చేశారు. వచ్చి మూడు నెలలైంది.

లాభాల వైపు ఒక్కటే ఉంది. 'స్కూలుకి నడిచి వెళ్లొచ్చు.'

ఇంకేం రాయాలా అని పెన్ను కొరుకుతుంటే పుస్తకం మీద నీడ పడింది. కుసుమ తలెత్తింది. ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. తెల్లటి ఖద్దరు పంచె, లాల్చీ, చేతిలో గొడుగు, చంకలో కాగితంలో చుట్టిన పొట్లం. ఎండలో నడిచి వచ్చాడేమో, ఆయాసపడుతున్నాడు.

"అమ్మా, జగన్నాధం ఇల్లేది?"

కుసుమ ఆ పేరు ఎప్పుడూ వినలేదు. పైగా, తెలియనివాళ్లు ఏదడిగినా తెలీదని చెప్పి లోపలికి వచ్చెయ్యమని హైదరాబాదులో అమ్మ వందసార్లు చెప్పింది.

"అలాంటివాళ్లు ఇక్కడ ఎవరూ లేరండీ," అంది.

ముసలాయన పక్కింటి వైపు చూశాడు. అక్కడ తీగ మీద ఒక కాకీ చొక్కా ఆరేసి ఉంది. మళ్లీ కుసుమ వైపు చూశాడు.

"నేరా?"

"లేరు."

ఆయన సరేలెమ్మా అని, గొడుగు విప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. కుసుమ మళ్లీ నోటుబుక్కులో తల దూర్చింది.

మధ్యాహ్నం మూడింటికి అమ్మ పెరట్లో బట్టలు తీస్తోంది. కుసుమ క్లిప్పులు ఏరుతోంది. గోడకి అవతల నుంచి పక్కింటి లక్ష్మణమ్మ మామ్మగారు అమ్మతో మాట్లాడుతోంది. ఆవిడ మాట రోజూ ఉన్నంత హుషారుగా లేదు.

తాతగారూ ఆవిడా ఇంకా అన్నం తినలేదట. తాతగారికి పాత స్నేహితుడొకాయన వస్తానన్నాడట. ఆయనకిష్టమని ఆనపకాయలో ఎండురొయ్యలు వేసి వండిందట. రాలేదు. ఆయన వస్తే గాని ముద్ద ముట్టనని తాతగారు గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారట.

తాతగారు ముప్పై ఏళ్లు పొందూరు బస్సు నడిపారు. ఆ స్నేహితుడు పొందూరులో ఖద్దరు నేస్తాడు. పేరు సూరయ్య. వారానికోసారి బట్టల మూట పట్టుకుని డ్రైవరు వెనక సీట్లోనే కూర్చునేవాడు. పదేళ్ల కిందట ఒకరోజు బస్సు కిక్కిరిసి ఉంటే, దారిలో చెయ్యెత్తిన సూరయ్య కోసం తాతగారు ఆపలేదు. ఆ రోజు సూరయ్య పక్కన కూతురుంది. ఆ పిల్లకి పదో తరగతి పరీక్ష. గంట ఆలస్యంగా వెళ్లిందట. సూరయ్య మళ్లీ ఆ బస్సెక్కలేదు, తాతగారితో మాట్లాడలేదు.

"ఇన్నేళ్లకి మొన్న మనిషి సేత కబురెట్టాడమ్మా," అంది లక్ష్మణమ్మ. "'జగన్నాధానికి సెప్పు, ఆదోరం వస్తన్నాను' అన్నాడంట. వస్తాడనే అనుకున్నాం. కోపం ఇంకా పోనేదు కాబోలు."

కుసుమ చేతిలోని క్లిప్పులు కింద పడిపోయాయి.

లక్ష్మణమ్మ మామ్మగారు భర్త పేరు పలకదు. ఎప్పుడూ 'మా ఇంటాయన' అంటుంది. ఇప్పుడు కూడా సూరయ్య చెప్పిన మాటగానే చెప్పింది కాబట్టి ఆ పేరు ఆవిడ నోట వచ్చింది.

కుసుమ లోపలికి వెళ్లి మంచం మీద కూర్చుంది. తను చెప్పకపోతే ఎవరికీ తెలియదు. టీవీ పెట్టింది. కట్టేసింది. కిటికీలోంచి చూస్తే పక్కింటి గేటు కనిపిస్తోంది. వీధి మలుపులో ఆటో చప్పుడైతే చాలు, తాతగారు కుర్చీలోంచి సగం లేస్తున్నారు. ఆటో దాటిపోయాక మళ్లీ కూర్చుంటున్నారు.

నాలుగోసారి ఆయన లేవడం కుసుమ చూడలేకపోయింది. వంటింట్లోకి వెళ్లి అమ్మకి అంతా చెప్పింది.

అమ్మ కొంగుతో చేతులు తుడుచుకుంది. "తెలీదనమని నేనే కదే నేర్పాను," అంది.

"నేను తెలీదనలేదమ్మా. లేరన్నాను."

అమ్మ కుసుమ చెయ్యి పట్టుకుని పక్కింటి గేటు దాకా తీసుకెళ్లి, అక్కడ వదిలింది. చెప్పాల్సింది కుసుమే. పొద్దున జరిగిందంతా చెప్పింది.

తాతగారు అంతా విన్నారు. "నా పేరు తెలీదేటమ్మా నీకు?" అన్నారు.

కుసుమ తల అడ్డంగా ఊపింది. ఈ ఊరు వచ్చిన రోజు సాయంత్రం కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించి తెచ్చింది ఈయనే. తన సైకిలు చైను రెండుసార్లు వేసి పెట్టింది ఈయనే.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది కుసుమకి. తీగ మీది చొక్కా వైపు చూసి, "ఆ కాకీ సొక్కా సూసుంటాడు. నానిక్కడే ఉన్నానని ఆడికి తెలిసిపోతాది. నానే నీ సేత నేరని సెప్పించాననుకుంటాడు," అన్నారు.

లేచి చెప్పులేసుకున్నారు. తనూ వస్తానంది కుసుమ. అమ్మ సరేనంది.

వీధి చివర గణపతిరావు కిరాణా కొట్టుంది. గొడుగు పట్టుకున్న పొందూరు ఆయన అనగానే గణపతిరావుకి తెలిసిపోయింది. పొద్దున ఆయన ఇటే వచ్చాడట. ఏ ఊరని తను అడిగాడట. ఎవరింటికని అడిగితే ఎవరింటికీ కాదన్నాడట. మోకాలు నొప్పిగా ఉందంటే మంచినీళ్లిచ్చి, తనే శివాజీ ఆటో ఎక్కించాడట.

గణపతిరావు అప్పుడే శివాజీకి ఫోన్ చేశాడు. ఐదు నిమిషాల్లో శివాజీ ఆటో వేసుకుని వచ్చేశాడు. సూరయ్యని ఆర్టీసీ కాంప్లెక్సులో పొందూరు బస్సులు ఆగేచోట దింపాడట. ఏమన్నా తిన్నావేటి తాతా అని అడిగితే, ఆకలి లేదన్నాడట. ఇంకా ఉంటాడా, వెళ్లిపోయి ఉంటాడా అన్నది మాత్రం చెప్పలేకపోయాడు.

"బేగి ఎక్కండి మావా," అన్నాడు.

కుసుమ ఆటో కడ్డీ గట్టిగా పట్టుకుంది. దారంతా ఎదురుగా వచ్చే ప్రతి బస్సు బోర్డూ చదువుతూ కూర్చుంది.

కాంప్లెక్సులో చివరి బెంచీ మీద సూరయ్య ఉన్నాడు. పక్కన గొడుగు, ఒళ్లో పొట్లం. ఎదురుగా పొందూరు బస్సు ఆగి ఉంది.

తాతగారు స్తంభం దగ్గర ఆగిపోయారు. "నువ్వెళ్లమ్మా. నన్ను సూస్తే మొకం తిప్పీసుకుంటాడు," అన్నారు.

కుసుమ ఒక్కతే బెంచీ దగ్గరికి నడిచింది.

"తాతగారూ, పొద్దున మీకు తప్పు చెప్పాను."

సూరయ్య గుర్తుపట్టాడు. "నువ్వా?"

"జగన్నాధం తాతగారిది మా పక్కిల్లే. ఆయన పేరు నాకు తెలీదు. తెలీక లేరన్నాను. ఆయన నా చేత ఏం చెప్పించలేదు. పొద్దుట్నుంచీ మీ కోసం గేటు దగ్గరే ఉన్నారు. అన్నం కూడా తినలేదు."

సూరయ్య ఆ మాటలు విని తల దించుకున్నాడు. కండక్టరు పొందూరు, పొందూరు అని కేకేస్తున్నాడు. బస్సు స్టార్టయింది. సూరయ్య లేచి, పొట్లం కుసుమ ముందు చాపాడు.

"ఆడికి పంచె నేసాను. ఇది ఇచ్చీమ్మా. నానెలిపోతాను."

కుసుమ చేతులు వెనక్కి పెట్టుకుంది. "నేను తీసుకోను. మీరే ఇవ్వాలి."

"పక్కింట్లో ఉండి పేరు తెలీదేటే గుంటా?"

"తెలీదు."

"ఆడికి తెలుసా మరి, నీ పేరు?"

"తెలుసు," అంది కుసుమ. ఇక కళ్లలో నీళ్లు ఆగలేదు. "వచ్చిన రోజే అడిగారు."

సూరయ్య చాపిన చెయ్యి మెల్లగా కిందకి దిగింది. బస్సు కదలబోయి ఆగింది. డ్రైవరు తల బయటికి పెట్టి, పెద్దాయనా వస్తావా రావా అని అడిగాడు.

"నువ్వెళ్లు బాబూ," అన్నాడు సూరయ్య. తర్వాత కుసుమతో, తనలో తను అనుకుంటున్నట్టు చెప్పాడు. "ఇలాగే రెండు బస్సులు ఒగ్గీసినాను. కాళ్లు రానేదు."

వెనక నుంచి తాతగారి గొంతు వినిపించింది.

"ఆ డ్రైవరు ఆపి అడిగాడు సూడు. నాకంటే మంచోడు."

సూరయ్య తిరిగి చూశాడు. పదేళ్లలో ఇద్దరి జుట్టూ తెల్లబడిపోయింది.

"ఆరోజు నాను ఆపాల్సింది రా సూరయ్యా," అన్నారు తాతగారు.

సూరయ్య గొడుగు తీసుకున్నాడు. మోకాలి మీద చెయ్యి వేసుకుని రెండడుగులు వేశాడు. "నాను పొద్దున నీ గుమ్మం ఎక్కాల్సింది," అన్నాడు. "ఆకలేస్తంది. ఏటి కూర?"

ఇంటికి చేరేసరికి సాయంత్రం నాలుగున్నర. లక్ష్మణమ్మ కూర మళ్లీ వేడి చేసి, తాతలిద్దరికీ, తనకీ కంచాలు పెట్టింది. తిన్నానంటే ఒప్పుకోక కుసుమకి కూడా పెట్టింది. మజ్జిగ వేసుకునే వేళకి తాతలిద్దరూ ఒకరి మాటకి ఒకరు అడ్డొస్తూ మాట్లాడుతున్నారు. కూతురు ఇప్పుడు టీచరుగా చేస్తోందని సూరయ్య చెప్పాడు. ఆ మాటకి తాతగారు ఎంగిలి చెయ్యి కంచంలోనే ఉంచి, చాలాసేపు నవ్వుతూ ఉండిపోయారు.

పంచె పొట్లం తాతగారి చేతిలో పెట్టి, ఆరున్నర బస్సుకి సూరయ్య బయల్దేరాడు. వీధి చివరి దాకా తాతగారితో పాటు కుసుమ కూడా వెళ్లింది. శివాజీ ఆటో వచ్చేలోగా సూరయ్యని అడిగింది.

"తాతగారూ, పొందూరులో మీ ఇల్లెక్కడ? నేను వస్తే ఏమని అడగాలి?"

"నేత సూరయ్య అను. ఎవులైనా సెప్తారు."

"నేనడిగిన వాళ్లకి తెలీకపోతే?"

"తెలీకపోతే నిన్ను కూకోమంటారు. ఎవుల్నో ఒకల్ని అడిగి కనుక్కునొచ్చి సెప్తారు."

ఆటో వెళ్లిపోయింది. గణపతిరావుతో కబుర్లాడుతూ తాతగారు కొట్టు దగ్గరే ఆగిపోయారు. కుసుమ ఒక్కతే ఇంటి వైపు నడిచింది.

వాళ్ల ఎదురింటికి ఆకుపచ్చ గేటు ఉంది. ఆ ఇంటావిడ అరుగు మీద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. మూడు నెలలుగా రోజూ కనిపించే ఆవిడే. కుసుమకి మాత్రం ఆవిడ పచ్చగేటు ఆంటీ.

కుసుమ తమ గేటు తియ్యబోయి ఆగింది. వీధి దాటి, ఆకుపచ్చ గేటు తోసి లోపలికి వెళ్లింది.

"నేను కుసుమని. ఎదురింట్లో ఉంటాం," అంది. "మీ పేరేంటండీ?"

ఆవిడ చేట పక్కన పెట్టి కుసుమని తేరిపార చూసింది.

"బుల్లమ్మ," అంది.

"మీది ఈ ఊరేనా? ఇంట్లో ఎవరెవరుంటారు?"

"నిలబడి అడిగితే ఎలగే? అన్నీ సెప్తాను, ఇలా కూకో," అంటూ బుల్లమ్మ అరుగు మీద కాస్త జరిగింది.

కుసుమ చెప్పులు విప్పి, ఆవిడ పక్కన కూర్చుంది.