మనసెత్తు

ఆరూ నలభైకి గోడ మీద నూకరాజు చక్కెర రేఖ లేచింది. నలభై రోజులుగా అది సరిగ్గా అదే వేళకు లేస్తోంది. హైమవతి ఒక కన్ను దాని మీద ఉంచి తక్కిన పని చేసుకుపోయింది. ఆమె వంతుకు రెండు వందల పన్నెండు రేఖలు. పొద్దుటిపూట ఎక్కువగా ముద్దెత్తులే ఉంటాయి. ఇడ్లీకి ఒక మెట్టు, పెసరట్టుకు అర మెట్టు, ఎవరో చాటుగా తిన్న పూతరేకుకు నిట్టనిలువు కొండ. వాటితో ఆమెకు పని లేదు. చర్మం కింద నాటిన బీజమే ఇన్సులిన్ పోసి దింపేస్తుంది.

ఆమె చూడవలసినవి మనసెత్తులు. ఏమీ తినకుండా, ఒంట్లో జ్వరం లేకుండా, ఊరికే కూర్చున్న మనిషిలో చక్కెర లేచిందంటే లోపల ఏదో తలపు కదిలిందని అర్థం. దానికి ఇన్సులిన్ పోస్తే, తలపు దాటిపోయాక చక్కెర పాతాళానికి జారుతుంది. అందుకని సమతాకేంద్రంలో చక్కెరను ముట్టుకోరు. తలపును అణచడానికి మెత్తన వేస్తారు.

అరవై మూడో రేఖకు ఒకటి వేసింది. నూట తొమ్మిదికి రెండు. రెండు రేఖలూ చదునయ్యాయి.

కేంద్రం వచ్చాక ఈ ఊళ్ళో చక్కెర వల్ల కాలు తీయించుకున్నవాళ్ళు లేరు, చూపు పోగొట్టుకున్నవాళ్ళు లేరు. హైమవతికి అది చిన్న సంగతిగా ఎప్పుడూ కనబడలేదు. ఆమెకూ ఇరవై ఏళ్ళుగా చక్కెర ఉంది. తన రేఖ మాత్రం తనకు కనబడదు. రేఖలు చూసే పాలకులెవరూ తమ రేఖ తాము చూసుకోకూడదు. హైమవతిది పక్కగదిలో సుభాషిణి చూస్తుంది.

"నూకరాజుకు ఇవాళ శాశ్వత మెత్తన," చెవిలో సుభాషిణి గొంతు. "తొమ్మిదిలోపు అయిపోవాలి."

"వెళ్తున్నా."

"పెద్దాయన కబుర్లపోగట. నువ్వు అసలే వినే రకానివి. జాగ్రత్త."

మామూలు మెత్తన ఒక పూట ఉంటుంది. వరసగా నలభై రోజులు మనసెత్తు వచ్చినవాళ్ళకు శాశ్వతానిది వేస్తారు. దానికి పాలకురాలు స్వయంగా వెళ్ళి, బీజం ఉన్న జబ్బ మీద బొటనవేలు ఆనించాలి. ఆ పొద్దున మామూలు మెత్తన వేయరు. తలపు పూర్తిగా లేచి ఉన్నప్పుడే దాన్ని మొదలంటా తీయడం వీలవుతుంది. ఆ తర్వాత పోయినవాళ్ళ పేరు చెవిన పడ్డా రేఖ కదలదు.

నూకరాజు ఇల్లు ఉప్పుటేరు గట్టు మీద ఉంది. పక్కింటి వసారాలో ఒకావిడ నిలబడి హైమవతిని చూసి నవ్వింది. లోవలక్ష్మి. కిందటేడు హైమవతే వేలు ఆనించిన మనిషి. ఆమె వెనక గోడకు ఒక మగమనిషి ఫోటో వేలాడుతోంది.

"బాగున్నారాండీ?"

"దివ్యంగా ఉన్నానండీ. నూట నాలుగు."

"ఆ ఫోటో ఎవరిది?" ఎందుకడిగిందో హైమవతికే తెలియదు.

"ఎవరోనండీ. ఇంటితోపాటే వచ్చినట్టుంది." లోవలక్ష్మి చేతిలో తాజా చామంతి దండ ఉంది. "దండ మటుకు రోజూ మారుస్తానండీ. ఎందుకో మరి, అలవాటు."

నూకరాజు అరుగు మీద కూర్చుని ఉన్నాడు. లాంచీ ఇంజన్లు బాగుచేసి బండబారిన చేతులు. ముందు స్టీలు పళ్ళెంలో పాతకాలపు సూదిపెన్ను, ఎప్పుడో ఆరిపోయిన షుగర్ మిషను.

"రండమ్మా. తొమ్మిది దాకా టైముంది కదండీ, కూర్చోండి."

"బీజం ఉండగా ఇవెందుకండీ మీకు?"

"మా ఆవిడ వీరవేణివండి. పోయి రెండు నెల్లైంది. ఇద్దరికీ షుగరే. పొద్దున్నే ఆరూ నలభై లాంచీ కూత పడగానే ఎదురెదురుగా కూర్చునేవాళ్ళం. నా వేలు తను పొడిచేది, తన వేలు నేను పొడిచేవాణ్ణి. ఎవరికి వాళ్ళం పొడుచుకుంటే చెయ్యి భయపడుద్దండి, చుక్క రాదు. అంకె చూసేముందు పందెం. నూట అరవై దాటితే గిన్నెలు నేను తోమాలి." అతను నవ్వాడు. "రోజూ దాటేదండి. తను గెలవడం కోసం రాత్రి నా కంచంలో ఓ ముద్ద ఎక్కువేసేదని తర్వాత తెలిసింది."

హైమవతి చేతిపలకలో అతని రేఖ చూసింది. నూట తొంభై.

"దిగులు మీ ఒంటిని తినేస్తోందండీ. రోజూ ఇలా లేస్తే కళ్ళు, కిడ్నీలు..."

"దిగులా? నాకాండీ? తల్చుకుంటే ఎక్కుద్ది, నడిస్తే దిగుద్ది. మీరు నడవనిస్తేగా. చెప్పుల్లో కాలు పెట్టేలోపు మెత్తన పడిపోద్ది. ఎక్కడికి బయల్దేరానో తెలీక గుమ్మంలో నిలబడిపోతాను. ఒక్కసారి ఎక్కనివ్వండి. దింపుకునే పూచీ నాది."

"అలా దిగదండీ. దిగినట్టు కేంద్రంలో ఎక్కడా లేదు."

"మీరు ఎక్కడ చూశారు లెండి." తనే చొక్కా చెయ్యి పైకి మడిచాడు. "కానివ్వండి. మీ ఉద్యోగం మీది."

ఆమె చెయ్యి చాచింది. నూకరాజు చూపు ఆమె వేళ్ళ మీద ఆగింది.

"ఎడంచేతివాటమాండీ మీది?"

"కాదు."

"మరి చుక్కలు కుడిచేతికున్నాయేంటండీ?"

హైమవతి చూసుకుంది. కుడిచేతి వేళ్ళ చివర, గోరు పక్కన, చిన్న చిన్న గట్టి చుక్కలు. ఎడమ చెయ్యి నున్నగా ఉంది.

"కుడిచేతివాటం మనిషి తనంతట తను పొడుచుకుంటే ఎడంచేతినే పొడుచుకుంటాదండి. ఇవి ఎదురుగా కూర్చుని ఇంకొకరు పొడిచినవి. ఒకరోజువి కాదు, ఏళ్ళ తరబడివి." అతను గొంతు తగ్గించాడు. "ఎవరమ్మా?"

"ఎవరూ లేరండీ."

జవాబు ఎంత సులువుగా వచ్చిందో ఆమెకు వినబడింది. లోవలక్ష్మి గొంతు అది. లోపల వెతికింది. పన్ను ఊడిన చోట నాలుక తడుముకున్నట్టుంది, అయితే అక్కడ గుంట కూడా లేదు. చదును. ఎవరో పని పెట్టుకుని చేస్తే తప్ప అంత చదును రాదు.

తొమ్మిదికి మూడు నిమిషాలు. వేలు ఆనించని పాలకురాలికి అదే రోజు శాశ్వత మెత్తన వేస్తారు. అలాంటివాళ్ళను ఇద్దర్ని ఆమె చూసింది. మర్నాడే పనికి వచ్చారు, నవ్వుతూ.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకుంది.

"చెప్పులేసుకోండి, నూకరాజు గారూ."

గట్టు వెంట నడిచారు. ముసలాయన దారి పొడుగునా వీరవేణి గురించి చెబుతూనే ఉన్నాడు. రెండు వందల పద్నాలుగు. రెండు వందల ఇరవై. కాలవ మలుపు దగ్గర రెండు వందల ఆరు. ఐసు ఫ్యాక్టరీ దాటేసరికి నూట డెబ్బై ఎనిమిది.

"హైమా," సుభాషిణి గొంతు పొడిగా ఉంది. "నువ్వు వేలు ఆనించలేదు."

"లేదు."

"ఆయన రేఖ దిగుతోందే. మెత్తన లేకుండా దిగుతోంది. గోడ నడిపే యంత్రానికి ఈ రేఖకు ఏ రంగు వెయ్యాలో తెలియట్లేదు. మెత్తనలన్నీ ఆపేసి ఇదేమిటని మమ్మల్ని అడుగుతోంది."

"నా రేఖ చూసేది నువ్వే కదా. నాకెన్ని వేశావు?"



"నీ మంచికే వేశాను," అంది సుభాషిణి. "పన్నెండేళ్ళ కిందట, ఆయన పోయిన మొదటి నెల, నువ్వెలా ఉన్నావో నీకు తెలీదు. నేను చూశాను. గోడ ఆగినా చేతిమీట పనిచేస్తుంది. నా వేలు దాని మీదే ఉంది హైమా. బలవంతం చెయ్యకు."

"పేరు చెప్పు, సుబ్బూ."

నూకరాజు నడక ఆపి పక్కన నిలబడ్డాడు.

"మురహరి," అంది సుభాషిణి.

ఆ పేరు హైమవతికి ఎవరిదీ కాదు. దారినపోయే మనిషి పేరులా ఉంది. మొహం రాలేదు, గొంతు రాలేదు. కానీ తను చాచకుండానే కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. అరచెయ్యి పైకి తిరిగి, ఉంగరపువేలు కాస్త ఎడంగా విడిపోయి, ఎదురుగా కూర్చున్నవాళ్ళకు అందిస్తున్నట్టు గాలిలో కదలకుండా ఆగి ఉంది.

చెవిలో సుభాషిణి హైమవతి రేఖను మెల్లగా చదవడం మొదలుపెట్టింది. నూట నలభై. నూట డెబ్బై ఒకటి. రెండు వందల ఎనిమిది. ఏ అంకె దగ్గరా ఆమె మీట నొక్కలేదు.