సిరాలో మూడు తప్పులు

మొదటి పలక బల్ల మీద బోర్లా పడింది. అది ఎవరిదో తెలియడానికి బాలసుబ్రహ్మణ్యం సారు తలెత్తి చూడక్కరలేదు. విశాలాక్షిదే.

ఆ పల్లె బడిలో అదొక పద్ధతి. సారు లెక్క చెప్తారు. ముందుగా చేసినవాళ్లు పలకను బల్ల మీద బోర్లా పెట్టాలి. తర్వాతివాళ్లు దాని మీద పెట్టాలి. చివర్లో సారు దొంతరను తిరగేస్తే మొదటివాళ్ల పలక పైకి వస్తుంది. ఐదో తరగతి మొదలైనప్పటి నుంచి ఆ పైపలక విశాలాక్షిదే. దాని మీద ఒక్క తప్పు కూడా ఉండేది కాదు.

అలాగని ఆ పిల్ల తప్పులు చేయదని కాదు. బ్రహ్మాండంగా చేసేది. కాకపోతే అనుమానం రాగానే వేలు నాలుకకు అద్ది, గబుక్కున తుడిచేసేది. తడి ఆరేలోపు అక్కడ కొత్త అంకె పడేది. పక్కన కూర్చునే మెహరున్నీసాకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఆ సాయంత్రం బడి వదిలాక సారు ఇద్దరినీ ఆపారు.

"ఎండాకాలం సెలవులు అయిపోతూనే జమ్మలమడుగు హైస్కూల్లో ఫస్ట్ ఫారం ఎంట్రన్సు ఉంది. మీ ఇద్దరికీ అర్జీలు పంపిస్తాండా. నలభై సీట్లే. ఎంతమంది వస్తారో ఏమో."

ఇప్పటి ఆరో తరగతిని అప్పట్లో ఫస్ట్ ఫారం అనేవాళ్లు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. హైస్కూలు అంటే ఎక్కడో ఒకటి ఉండేది.

"ఆడ పలకలుండవు. కాగితం మీద కలంతో రాయాల. దినామూ ఒక పేజీ రాయండి, చెయ్యి తిరుగుతాది," అంటూ సారు చెరొక నోటుబుక్కు, సిరాలో ముంచి రాసే పుల్లకలం, సిరా బుడ్డి ఇచ్చారు.

విశాలాక్షి వాళ్ల నాయన వేదవ్యాస గారు ఊరి గుడిలో పూజారి. సంగతంతా విని తల ఊపారు.

"సీటొస్తే జమ్మలమడుగులో మీ అత్త ఇంట్లో ఉండి చదువుకో పాపా. రాకుంటే మాత్రం ఇంగ చదువు చాలు. ఐదు చదివినావు, అదే శానా."

ఇంకా చదవాలని విశాలాక్షికి ఎంతో ఆశ.

మరునాడే కలం పట్టుకుని కూర్చుంది. మొదటి వరుసలోనే సిరా బొట్టు పడింది. రెండో వరుసలో ఏడు రాయాల్సిన చోట తొమ్మిది రాసింది. తుడుద్దామంటే వీల్లేదు. ఆ తొమ్మిది నల్లగా, ధీమాగా కాగితం మీద కూర్చుంది. ఎవరు చూసినా విశాలాక్షి తప్పు చేసిందని తెలిసిపోతుంది.

పేజీ చించేసింది. తర్వాతి రోజు మరో పేజీ చించింది. మూడో రోజు నోటుబుక్కును పెట్టె అడుగున దాచేసి పలక తీసింది.

వారం తర్వాత వీధిలో మెహరున్నీసా ఎదురుపడింది. వాళ్ల నాయన అమీర్ బాషా పరుపులు కుడతాడు.

"నాకు ఎనిమిది పేజీలు అయినాయే. చేతులకి, పావడకి, మా మేకపిల్లకి గూడా సిరా అయింది. మాయమ్మ ఒకటే తిట్లు. నీవెన్ని రాసినావు?"

"నేనూ రాస్తాండాలే," అంది విశాలాక్షి.

సారు అడిగినప్పుడూ అదే చెప్పింది. నాయన అడిగినప్పుడూ అదే. మొదటిసారి చెప్పడానికి కాస్త కష్టమైంది. తర్వాత అలవాటైపోయింది.

పరీక్ష రోజు రానే వచ్చింది. సారు ఇద్దరినీ వెంటబెట్టుకుని, ఎండ ముదరకముందే ఎండిన పెన్నేటి ఇసుక దాటించి హైస్కూలుకు తీసుకొచ్చారు. అక్కడ నూరుమందికి పైగా పిల్లలున్నారు. విశాలాక్షి కూర్చున్న గదికి కాపలాగా ఆ హైస్కూలు గఫూర్ సారు వచ్చారు. ఆయన ముఖం చూస్తే నవ్వడం మానేసి చాలా ఏళ్లయినట్టుంది.

గంటలో పది లెక్కలు చేయాలి. మొదటిది చాలా తేలిక. అందరికంటే ముందు చేసేయాలని విశాలాక్షి చకచకా రాసింది. రాశాక చూస్తే యాభై నాలుగుకు బదులు యాభై ఆరు పడింది.

వేలు తనంతట తనే నాలుక మీదికి పోయింది. అంకె మీద రుద్దింది.

నల్లటి మరక నాలుగు వరుసల దాకా పాకింది. గాబరాలో మళ్లీ వేలు తడిచేసి ఇంకాస్త గట్టిగా రుద్దింది. కాగితానికి వేలు దూరేంత కన్నం పడింది.

విశాలాక్షి ఆ కన్నం మీద అరచెయ్యి పెట్టి అలాగే కూర్చుండిపోయింది. నోరంతా చేదు. చుట్టూ కలాలు గీరుతున్న చప్పుడు. చెబితే బయటికి పంపేస్తారేమో. చెప్పకపోతే రాయడానికి కాగితం లేదు. ఎటు చూసినా సీటు పోయేటట్టే ఉంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

అరగంట గడిచిపోయింది. చివరికి లేచి నిలబడింది.

"సార్, నా కాగితం చినిగింది."

"ఎట్లా చినిగింది?"

పాళీ గుచ్చుకుందని చెప్పేయొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ విశాలాక్షి దాన్ని మింగేసింది.

"తప్పు రాసినా సార్. పలక మాదిరి ఎంగిలితో తుడిచినా."

గదిలో కొందరు కిసుక్కున నవ్వారు. గఫూర్ సారు దగ్గరికి వచ్చారు.

"ఏదీ, నాలుక చూపించు."

చూపించింది. నల్లగా ఉంది. ఆయన మీసాల కింద చిన్న నవ్వు కదిలింది.

"పల్లెల నుంచి వచ్చేవాళ్లలో ఏటా ఒకరో ఇద్దరో సిరా తింటానే ఉంటారు," అంటూ కొత్త కాగితం ఇచ్చారు. "తప్పు పడితే దాని మీద ఒక గీత గియ్యి. పక్కన సరైంది రాయి. గీత ఉంటే దిద్దేవాళ్లకి కోపం రాదు పాపా. కన్నం ఉంటే దిద్దేదానికి ఏముంటాది?"

విశాలాక్షి మళ్లీ మొదలుపెట్టింది. లెక్కలన్నీ వచ్చు. కానీ చెయ్యి తిరగడం లేదు. పాళీ కాగితాన్ని గీరుతోంది, సిరా ఒకచోట ముద్దగా పడుతోంది, ఒకచోట పడటమే లేదు. రోజుకో పేజీ రాసి ఉంటే ఎంత బాగుండేదో అప్పుడు తెలిసింది.

మూడు చోట్ల తప్పు పడింది. మొదటిసారి వేలు మళ్లీ నాలుక దాకా పోయింది, ఆపుకుని గీత గీసింది. మూడోసారి గీత గీసి, పక్కన సరైన అంకె వేసి, ముందుకు పోయింది. ఏడో లెక్క పూర్తవుతుండగా గంట కొట్టారు.

ఫలితాల కోసం వారం రోజులు ఎదురుచూడాల్సి వచ్చింది. ఆ వారమంతా విశాలాక్షికి అన్నం సహించలేదు. చివరికి సారు, నాయన, అమీర్ బాషా ముగ్గురూ పిల్లలిద్దరినీ తీసుకుని మళ్లీ జమ్మలమడుగు వచ్చారు. హైస్కూలు గోడకు సీటొచ్చినవాళ్ల పేర్ల కాగితం అంటించి ఉంది.

మెహరున్నీసా పేరు పదకొండోది. విశాలాక్షి కిందికి చదువుకుంటూ పోయింది. ఇరవై. ముప్పై. ముప్పై ఐదు. తన పేరు లేదు. ముప్పై ఎనిమిది దగ్గర ఆగింది.

ఉంది. తన పేరే.

అక్కడే మెట్ల మీద కూర్చుంది. వారం రోజుల బరువు ఒక్కసారిగా దిగిపోయింది. మెహరున్నీసా వచ్చి మెడ చుట్టూ చేతులు వేసింది. ఇద్దరూ ఎందుకో తెలియకుండానే నవ్వుతూ ఉండిపోయారు.

వేదవ్యాస గారు ఆ పేరును వేలు పెట్టి రెండుసార్లు చదివారు.

"ముప్పై ఎనిమిదేంది సార్? దిద్దేవాళ్లే సరిగా చూసినట్టు లేరు," అన్నారు బాలసుబ్రహ్మణ్యం సారుతో. "మా పాప ఒక్క తప్పు గూడా చెయ్యదు. సెలవులంతా దినామూ రాసింది."

ఊరుకుంటే సరిపోయేది. ఎవరికీ ఏమీ తెలియదు. సీటు కూడా వచ్చేసింది.

విశాలాక్షి మెట్ల మీది నుంచి లేచింది.

"లేదు నాయనా. నేను రాయలేదు. రెండు పేజీలు రాసి చించేసినా. తప్పులు కనపడతాయని బుక్కు దాచిపెట్టినా. మీకు, సారుకి, మెహరున్నీసాకి అబద్ధం చెప్పినా. పరీక్షలో మూడు తప్పులు పడినాయి. మూడు లెక్కలు విడిచిపెట్టినా. వాళ్లు సరిగానే దిద్దినారు."

సారు తుండుగుడ్డతో మొహం తుడుచుకున్నారు. ఆ గుడ్డ వెనక నవ్వు ఉన్నట్టే అనిపించింది.

"ఇంగేమన్నా ఉందా?" అడిగారు నాయన.

"కాగితం గూడా చించినా."

"అది గూడానా?" వేదవ్యాస గారు కూతురి తల మీద చెయ్యి వేశారు. "సరే పద. మీ అత్తకి సీటొచ్చిందని చెప్పాల."

అత్త తలుపు తీయగానే విశాలాక్షి కాళ్లు కూడా కడుక్కోకుండా మొదలుపెట్టింది.

"అత్తా, నాకు సీటొచ్చింది. ముప్పై ఎనిమిదో పేరు. నేను ఆడ ఏం చేసినానో చెప్తా, నవ్వకుండా విను."