కుప్పం సాయి చెప్పినాడంట

"జీపుకు సస్పెన్షన్ లిఫ్టే చేయించాలంట," అంది భవ్య.

మురళీధర్ టమాటా బాక్సుల మీద నుంచి తలెత్తాడు. అతనికి గుచ్చుకున్నది సస్పెన్షన్ కాదు, చివరనున్న ఆ 'అంట'.

"ఎవురన్నారు?"

"కుప్పం సాయి."

భవ్య పుంగనూరులో పశువుల డాక్టరు. మురళీధర్‌ది మదనపల్లె మార్కెట్ యార్డులో టమాటా మండీ. వాళ్ళిద్దరినీ కలిపింది ఒక పాత ఫోర్ వీల్ డ్రైవ్ జీపు. మండీలో మూలపడి ఉన్న దాన్ని, కొండపల్లెలు తిరగడానికని భవ్య కొనుక్కుంది. బండి అమ్మినవాడు మళ్ళీ దాని మొహం చూడడం లోకంలో ఎక్కడా లేదు. మురళీధర్ మాత్రం ఆయిల్ చూద్దామని ఒకసారి, బ్యాటరీ చూద్దామని ఒకసారి పుంగనూరు పోతూనే ఉండేవాడు. బండికి ఏ జబ్బూ ఉండేది కాదు. ఉన్న జబ్బంతా అతనికే.

ఈమధ్య కుప్పంలో పశువుల క్యాంపుకు పోయినప్పుడు జీపు మొరాయించింది. అక్కడ పాత జీపుల షెడ్డు నడిపే సాయికుమార్ బాగుచేసి పంపాడు. అప్పటినుంచి భవ్య నోట సాయి పేరు రాని రోజు లేదు.

"రాళ్ళ దావలో బండి కింద తగులుతాండాది మురళీ. చక్రాల మీదుండే కమాన్ కట్టలు మార్చి లేపితే, అడుగునుండే చాసీతో సహా మొత్తం పైకొస్తాదంట."

"అంత దూరం యాల? బాడీ లిఫ్ట్ సాలు. చాసీకీ బాడీకీ నడాన దిమ్మలు పెట్టి బాడీని లేపితే పెద్ద టైర్లు పడతాయి. కమాన్ల జోలికే పోపన్లేదు. నీ సాయి చెప్పినట్ల చేస్తే వంపుల్లో బండి ఊగుతాది."

"సరిగ్గా చేస్తే అంత ఊగదంట."

మళ్ళీ అంట.

భవ్య ఫోన్‌లో ఫోటో చూపించింది. బండరాయి మీద జీపు, జీపు మీద నల్లద్దాలు పెట్టుకుని ఒకడు. మురళీధర్ జీపును చూడలేదు.

"ఈయప్ప ఆ అద్దాలు ఇంట్లో గూడా తియ్యడా?"

"నీకు యాల?"

"ఊరికే అడిగినా."

భవ్య అతన్ని ఒక క్షణం చూసి, నవ్వు ఆపుకుని ఫోన్ లోపల పెట్టేసింది. నిర్ణయం మాత్రం వాయిదా పడింది.

ఆ ఆదివారం బాడీ లిఫ్ట్ గురించి మళ్ళీ నచ్చజెప్పడానికి మురళీధర్ పుంగనూరు వెళ్ళాడు. మాట మొదలుపెట్టేలోపే గంగవరం అవతలి కొండపల్లె నుంచి సుబ్బరాయుడు అనే రైతు ఫోన్ చేశాడు. ఆవు ఈనలేక అవస్థ పడుతోందట. మురళీధర్ కూడా జీపెక్కాడు.

దారిలో సన్నగా వాన మొదలైంది. వాన, పక్కన భవ్య. ఆ సంతోషం ఎంతోసేపు నిలవలేదు. సాయి ఫోన్ చేశాడు. భవ్య స్పీకర్ పెట్టి ఏదో మాటకు పకపకా నవ్వింది. మురళీధర్ కిటికీ అద్దం దించి వానకు మొహం పెట్టాడు.

కొండ ఎక్కుతుండగా కింద ధన్‌మని శబ్దమైంది. బండి ముందుకూ పోలేదు, వెనక్కీ రాలేదు.

మురళీధర్ బురదలో పడుకుని కిందికి చూశాడు. గేర్‌బాక్స్ కింద చాసీకి అడ్డంగా ఉన్న ఇనుప పట్టీ రాయి మీద కూర్చుంది. బాడీని ఆకాశానికి లేపినా ఆ పట్టీ ఉన్నచోటనే ఉంటుంది.

"నడుస్తాం పా," అని భవ్య అప్పటికే బ్యాగు తీసుకుని పరుగులాంటి నడక మొదలుపెట్టింది.

పైన కొట్టంలో పొట్టి ఆవు రొప్పుతోంది. సుబ్బరాయుడు చేతులు జోడించాడు. "లేటయితాండాది డాక్టరమ్మా."

దూడ తల పక్కకు తిరిగి ఉంది. భవ్య దాన్ని సరిచేసి, కాళ్ళకు తాడు కట్టి మురళీధర్ చేతికిచ్చింది. "అది ముక్కినప్పుడే లాగు." అతను లాగాడు. చివరికి దూడ జారి గడ్డి మీద పడింది. చాలాసేపు కదల్లేదు. భవ్య దాని ముక్కు తుడిచి, రొమ్ము రుద్దుతూనే ఉంది. అది తుమ్మినాకే మురళీధర్ చేతిలోని తాడు వదిలాడు.

కొండ దిగుతుంటే అతనే నోరు విప్పాడు. "సాయి చెప్పిందే కరెక్టు. రాయి తగిలింది చాసీకి. లేపాల్సింది చాసీనే."

భవ్య ఆగింది. "ఇది నీకు ఇప్పుడే తెలిసిందా?"

ఔననేస్తే సరిపోయేది. అబద్ధం చెప్పడానికి అతనికి నోరు రాలేదు.

"నువ్వు మండీకొచ్చి చెప్పినప్పుడే తెలుసు. ఆ మాట ఇంకెవురు చెప్పినా ఒప్పుకొనుందును."

"ఆ దూడ సచ్చిపోయుంటే?"

వాన చినుకులు ఇద్దరి మధ్యా పడుతున్నాయి.

"తప్పే భవ్యా. నువ్వు వాని పేరెత్తితే నాకు లోపల మండిపోతాది. నువ్వంటే ఇష్టం. బండి పేరు చెప్పుకొని వస్తాండేది నీ కోసరమే."

"వారం వారం ఆయిల్ చూడను ఎవురన్నా వస్తారా? నాకు తెలీదనుకుంటివా?" ఆమె గొంతులో కోపం ఇంకా దిగలేదు. "నువ్వే చెప్తావని చూస్తాండా. అయినా ఇది ఊరికే పోయే తప్పు కాదు. కుప్పానికి బండిని నువ్వే తోలుకొని రావల్ల. సాయి ముందర నీ నోటితోనే ఒప్పుకోవల్ల."

ఊరివాళ్ళ సాయంతో జీపును రాయి మీద నుంచి దించారు. తర్వాతి వారం భవ్యను పక్కన కూర్చోబెట్టుకుని మురళీధర్ దాన్ని కుప్పం తోలాడు. షెడ్డులో సాయికుమార్ నల్లద్దాలు తీసి అతన్ని పైనుంచి కిందిదాకా చూశాడు.

"నువ్వేనా మురళి?"

"నేనే. నువ్వు చెప్పిందే రైటు. సస్పెన్షనే లేపు."

"సంతోషం. నేను ఏది చెప్పినా 'మురళి ఒప్పుకోవల్ల' అంటాదప్పా ఈమె. నీ పేరు వినీ వినీ నాకే మండతాండాది." అతను నవ్వాడు గానీ ఆ నవ్వు కొంచెం కష్టపడి వచ్చింది. ఆ కష్టం ఎలాంటిదో మురళీధర్‌కు బాగా తెలుసు. మొదటిసారి అతని మీద జాలేసింది. "ఇంకొకటి," అన్నాడు సాయి. "వంపుల్లో నిదానంగా పోండి. బండి ఊగుతాదని నువ్వన్నది గూడా అబద్ధం కాదు."

పని పూర్తయ్యాక భవ్య జీపును నేరుగా మదనపల్లెలో మురళీధర్ ఇంటి ముందు ఆపింది. అతని తల్లి రాజేశ్వరమ్మ బయటికొచ్చి, నడుము మీద చెయ్యి పెట్టుకుని బండిని చూసింది. కొడుకు వాలకం చూసి ఆమె ఎప్పుడో గ్రహించింది.

"ఇంత ఎత్తు చేసినారు గదరా. రేపు కోడలు పట్టుచీర కట్టుకొని దీంట్లోనుంచి ఎట్ల దిగుతాది?"

మురళీధర్ భవ్య వైపు చూశాడు. అంతవరకూ ఆమెను 'అమ్మా' అనే పిలిచిన భవ్య, స్టీరింగ్ వదిలి, కొంగు సర్దుకుంది.

"నీ కొడుకు దించుతాడులే అత్తా," అంది.